షీటు కోతకు వెళ్లేలోపే అన్నీ తేలాలి: మా ఇంటీరియర్స్ ఆఫీసును దారిలో పెట్టుకున్న తీరు

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు చిన్న ఇంటీరియర్స్ ఆఫీసు. నేను, ఒక జూనియర్ డిజైనర్, ఒక సైట్ సూపర్‌వైజర్, మాతో పనిచేసే రెండు కార్పెంటర్ బృందాలు, అంతే. పెయింటర్లు, ఫాల్స్ సీలింగ్ వాళ్లు, ఎలక్ట్రీషియన్, గ్రానైట్ వాళ్లు పనిని బట్టి వస్తుంటారు. చేసేవి దాదాపు అన్నీ డబుల్, ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లే. కిచెన్, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్, పూజ యూనిట్, సీలింగ్. కొన్నేళ్లపాటు పని బాగానే వచ్చింది, పేరూ బాగానే ఉండేది, చేతిలో మాత్రం ఏమీ మిగిలేది కాదు. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ మోగుతూనే ఉండేది. ఒక మార్చి నెలలో లెక్కలు చూసిన మా ఆడిటర్ గారు కళ్లజోడు తీసి, "ఇంత బిల్లింగ్ చేసి మిగిలింది ఇంతేనామ్మా?" అన్నారు. ఆ మాటతో కూర్చున్నాం.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే, ఏదైనా మంచి సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని. డెమోలు కూడా చూశాను. బాగున్నాయి. కానీ డబ్బు ఎక్కడ కారిపోతోందో తెలియకుండా కొంటే దాన్ని నింపడమే ఇంకో ఉద్యోగం అవుతుందనిపించి ఆగాను. మా సూపర్‌వైజర్‌కి డైరీ రాసే అలవాటు ఉంది. ఏ రోజు ఏ సైట్‌కి ఎంతమంది వచ్చారు, ఏం చేశారు అని రెండు ముక్కలు రాసి పెడతాడు. ఆ డైరీలు, నా ఫోన్‌లోని వాట్సాప్ గ్రూపులు ముందు పెట్టుకుని, మనుషులు వచ్చి కూడా పని సాగని రోజులన్నీ ఏరి, పక్కన కారణం రాశాం.

మెటీరియల్ ఆలస్యమే ఎక్కువ ఉంటుందని నా అంచనా. అది తక్కువే ఉంది. ఎక్కువ చోట్ల కనిపించింది ఒకటే, ఎవరో ఏదో తేల్చలేదు. హాబ్, అంటే గట్టులో అమర్చే గ్యాస్ పొయ్యి, ఏ మోడలో తెలియదు కాబట్టి కింది డ్రాయర్లు ఆగాయి. ప్లైవుడ్ మీద అతికించే రంగు పొర, అదే లామినేట్, రెండింటిలో ఏది అన్నది భార్యాభర్తల మధ్య తెగలేదు. ఊరి నుంచి నాన్నగారు వచ్చి చూశాకే పూజ గది అన్నారు. మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఏసీ పాయింట్ మారుస్తారో లేదో చెప్పలేదు. ఈలోగా కార్పెంటర్లు సైట్‌లో కూర్చుని టీ తాగుతుంటారు, వాళ్ల కూలి నడుస్తుంటుంది. లేకపోతే వాళ్లను వేరే సైట్‌కి పంపేస్తాం, తీరా ఇక్కడ తేలాక వాళ్లు అక్కడ ఇరుక్కుపోయి ఉంటారు.

ఆ తర్వాత చేసిన మార్పులన్నీ దీని చుట్టూనే తిరిగాయి. మొదటి ప్లైవుడ్ షీటు కోతకు వెళ్లేలోపు తేలాల్సినవన్నీ తేలాలి. తేలకపోతే కోత లేదు. వినడానికి ఎంత సులువుగా ఉందో, అడ్వాన్స్ ఇచ్చిన క్లయింట్ "ఇంకా మొదలుపెట్టలేదేంటండీ" అని రోజూ అడుగుతుంటే నిలబడటం అంత కష్టం.

అన్నిటికంటే ముందుకు తెచ్చింది వాస్తు. ఇంతకుముందు డ్రాయింగ్‌లు, త్రీడీ బొమ్మలు అన్నీ అయ్యాక ఎప్పుడో ఆ మాట వచ్చేది. ఒక ఫ్లాట్‌లో కిచెన్ బాక్సులు నిలబెట్టాక పెద్దాయన వచ్చారు. "పొయ్యి ఆగ్నేయంలోనే ఉందిగా అమ్మా?" ఉందండీ అన్నాను. "వండే మనిషి తూర్పుకి తిరుగుతుందిగా?" తిరుగుతారండీ. ఆయన తృప్తిగా తలూపి, నాలుగడుగులు వేసి, "మరి సింకు పొయ్యి పక్కనే పెట్టారేంటి? నిప్పూ నీళ్లూ పక్కపక్కన ఉండకూడదు కదా" అన్నారు. కొడుకు నా వైపు చూశాడు, నేను కార్పెంటర్ వైపు చూశాను. ఆ ఒక్క మాటకి సింకు క్యాబినెట్ మారింది, ప్లంబింగ్ లైన్ మారింది, డిష్‌వాషర్ స్థలం పోయింది. నాకు వాస్తు మీద పెద్ద పట్టింపు లేదు. ఉన్నవాళ్లతో వాదించే ఓపిక అంతకన్నా లేదు. అందుకే ఇప్పుడు ప్లాన్ కాగితం మీద ఉండగానే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను కూర్చోబెడతాం. వాళ్లకు నమ్మకమైన సిద్ధాంతి ఉంటే ఆయనకే ఆ ప్లాన్ పంపించమంటాం. పొయ్యి, సింకు, పూజ, మంచం తలవైపు, బీరువా, ఈ ఐదూ ఎక్కడో రాసి సంతకం పెట్టించుకున్నాకే త్రీడీ మొదలవుతుంది. బీరువా అడగడం ఎందుకని మా జూనియర్ మొదట నవ్వింది. నైరుతి గోడకి వార్డ్‌రోబ్ గీశాక, ఇనప బీరువా అక్కడే ఉండాలని చెప్పినవాళ్లు ఎంతమందో!

తర్వాత వస్తువులు. హాబ్, చిమ్నీ, ఓవెన్, డిష్‌వాషర్, ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్, గీజర్. "అవి తర్వాత ఆఫర్లలో కొంటాం, మీరు చేసేయండి" అన్నది మా దగ్గర ఎక్కువగా వినిపించే మాట. కొనకపోయినా పర్లేదు, మోడల్ నంబరు కావాలి. హాబ్ కటౌట్ ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. డిష్‌వాషర్‌కి అరవై సెంటీమీటర్ల చోటు ఒక్కటీ చాలదు, నీళ్ల లైను, డ్రెయిన్, పదహారు ఆంప్స్ పాయింట్ కావాలి. చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం గోడలో ఎక్కడ పడుతుందో సీలింగ్ వేసేలోపే తేలాలి. మోడల్ నంబర్లు అన్నీ వచ్చేదాకా కిచెన్ డ్రాయింగ్ మీద 'కోతకు సిద్ధం' అన్న ముద్ర పడదు. నిజంగానే రబ్బరు ముద్ర చేయించాం. ఆ ముద్ర లేని కాగితం సైట్‌కి వెళ్లదు.

లామినేట్ల సంగతి వేరే. షాపుల వాళ్లు ఇచ్చిన ఫోల్డర్లు మా ఆఫీసులో ఒక అలమర నిండా ఉండేవి. క్లయింట్లు వచ్చి వందల షేడ్లు తిరగేసి, రెండు గంటల తర్వాత "ఇంటికెళ్లి ఆలోచించి చెప్తాం" అని వెళ్లేవారు. వాటిలో కొన్ని ఎప్పుడో ఆగిపోయిన షేడ్లు, తీరా ఎంచుకున్నాక స్టాక్ ఉండదు. ఇప్పుడు ఫోల్డర్లు లోపల పెట్టేశాం. ఆ నెలలో కచ్చితంగా దొరికే వాటిని మాత్రం అరచేతి సైజు ముక్కలుగా ఒక పెట్టెలో ఉంచాం. అడిగితే మిగతావి తీస్తాం, కానీ చాలామంది అడగరు. ఎంచుకున్న ముక్క వెనకాల షేడ్ నంబరు, అది ఏ గదికో మార్కర్‌తో రాసి, క్లయింట్ చేత సంతకం పెట్టించి, ముక్కను రెండుగా కోస్తాం. సగం ఆఫీసులో, సగం సైట్‌లో సూపర్‌వైజర్ సంచిలో. షీట్లు దిగగానే ఆ ముక్క పక్కన పెట్టి చూశాకే సంతకం. "ఫోన్‌లో చూసినప్పుడు ఇలా లేదండీ" అన్న గొడవ దీంతోనే పోయింది. ఫోన్ తెర మీద చూసి షేడ్ ఓకే చేయించడం మానేశాం.

ఇక కోత. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే డబ్బు కళ్లకు కనబడేలా మిగిలింది ఇక్కడే. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు బై నాలుగు, అంటే 2440 బై 1220 మిల్లీమీటర్లు. మా కార్పెంటర్ల లెక్క అడుగులు, అంగుళాలు, సూత్‌లలో (అంగుళంలో ఎనిమిదో వంతు) ఉంటుంది. వార్డ్‌రోబ్ లోతు అంటే రెండడుగులు, అందరికీ అలవాటు. రెండడుగులు అంటే 610 మిల్లీమీటర్లు. నాలుగడుగుల షీటులో రెండు ముక్కలు వస్తాయి కదా అనిపిస్తుంది. కానీ రంపం బ్లేడు వెళ్లిన ప్రతిచోటా మూడు, నాలుగు మిల్లీమీటర్లు పొడైపోతుంది. రెండో ముక్క తగ్గుతుంది. దాంతో కార్పెంటర్ ఇంకో షీటు తీస్తాడు, లేదా ఒక నిలువు ముక్క చిన్నదైపోతే దాన్ని సర్దడానికి పట్టీ కొడతాడు. లోతును 600 మిల్లీమీటర్లకు కట్టేశాం. హ్యాంగర్లు హాయిగా పడతాయి, షీటుకి రెండు ముక్కలు నికరంగా వస్తాయి, అంచులు చెక్కుకోవడానికి కాస్త మిగులుతుంది కూడా. కిచెన్ పై క్యాబినెట్లది ఇంకా విచిత్రం. అడుగు లోతు పెడితే షీటు వెడల్పులో మూడే ముక్కలు, దాదాపు అర అంగుళం తేడాకు నాలుగోది పోతుంది. 300 మిల్లీమీటర్లు పెడితే నాలుగు వస్తాయి. చేతితో తడిమి చూసినా ఆ తేడా ఏ గృహిణికీ తెలియదు.

ఈ కొలతలన్నీ ఒక చార్టుగా రాసి జూనియర్ టేబుల్ మీద అంటించాం. డ్రాయింగ్ అయ్యాక ముక్కల జాబితా ఎక్సెల్‌లో రాస్తుంది. దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కట్ లిస్ట్ టూల్‌లో వేస్తే ఏ షీటులో ఏ ముక్కలు పడతాయో బొమ్మ వస్తుంది. షీట్ల ఆర్డర్ ఆ బొమ్మను బట్టే. ఇంతకుముందు "ఒక ఇరవై పంపండి, తగ్గితే చెప్తాం" అని ఫోన్‌లో చెప్పేవాళ్లం, సైట్లలో మిగిలిన సగం షీట్లు ఎటు పోయేవో ఆ దేవుడికే తెలియాలి.

కోతను సైట్‌లోంచి తీసేసి బాలానగర్ వైపు జాబ్ వర్క్ చేసే ఒక వర్క్‌షాప్‌కి మార్చాం. ప్యానెల్ సా అనే పెద్ద రంపం మెషీన్ మీద కోసి, అంచులకు పట్టీ అతికించి (ఎడ్జ్ బ్యాండింగ్), ముక్క మీద నంబరు స్టిక్కర్ వేసి ఇస్తారు. దీనికి మా మేస్త్రి ఒప్పుకోవడం తేలిక కాలేదు. రాజస్థాన్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి, తెలుగు మనకంటే గడగడా మాట్లాడతాడు. "మేడమ్, కోత మొత్తం మెషీన్ తినేస్తే మా పిల్లలు ఏం తింటారు?" అన్నాడు. న్యాయమే. చదరపు అడుగుకి కూలి అంటే అందులో కోత, అతికింపు, బిగింపు అన్నీ ఉంటాయి, కోత పోతే రేటు తగ్గించమంటామని అతని భయం. కూర్చుని లెక్క వేశాం. రేటు కొంత తగ్గింది, కానీ ఒక ఫ్లాట్‌లో అతని బృందం ఉండే రోజులు సగానికి దగ్గరగా పడిపోయాయి. నెలకి అతని చేతికి వచ్చేది తగ్గలేదు. ఆ సంగతి అతను ఒప్పుకోవడానికి మూడు, నాలుగు ఫ్లాట్లు పట్టింది. ఇంకో లాభం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లతో గొడవలు తగ్గాయి. రంపం మోత లేదు, కారిడార్‌లో చెక్కపొట్టు లేదు, పక్క ఫ్లాట్ ఆంటీ మధ్యాహ్నం నిద్ర చెడలేదు.

వర్క్‌షాప్‌కి ఇస్తే కొలత తప్పకూడదు, సైట్‌లో చెక్కి సర్దుకునే వీలు పోతుంది. అందుకే కొలతలు రెండుసార్లు. డిజైన్‌కి ముందు ఒకసారి, టైల్స్, ప్లాస్టరింగ్, సీలింగ్ ఫ్రేమ్ అన్నీ అయ్యాక ఇంకోసారి. మన అపార్ట్‌మెంట్లలో గోడ కింద ఒక కొలత, పైన ఒక కొలత ఉంటుంది. కింద, మధ్యన, పైన లేజర్‌తో కొలిచి, అన్నిటికన్నా చిన్నది తీసుకుంటాం. మిగిలిన సందుకి ఫిల్లర్ పట్టీ.

కొటేషన్ కూడా మార్చాం. మా ఊళ్లో వార్డ్‌రోబ్‌కి ఎదురు కొలత లెక్క, ఎత్తు బై వెడల్పు, చదరపు అడుగుకి ఇంత. దాంతో చిక్కేమిటంటే, లోపల ఒక్క డ్రాయర్ లేని దానికీ, సాఫ్ట్ క్లోజ్ డ్రాయర్లు ఆరు ఉన్నదానికీ ఒకటే ధర పడుతుంది. పని మధ్యలో "ఇక్కడ ఇంకో డ్రాయర్ వేయించండి, చిన్నదేగా" అంటారు. ఇప్పుడు బాక్సు వేరే, హింజ్‌లు, డ్రాయర్ ఛానెళ్లు, బుట్టలు వేరే లైన్లుగా, లెక్క పెట్టి రాస్తాం. ప్లైవుడ్ పక్కన మందం, అది ఏ రకమో చెప్పే భారత ప్రమాణాల (ఐఎస్) నంబరు ఉంటాయి. సింకు కింద, తడి తగిలే చోట ఐఎస్ 710, మిగతా చోట్ల ఐఎస్ 303. చూసేవాళ్లకి మా కొటేషన్ పొడుగ్గా కనిపిస్తుంది, "పక్క ఆయన ఒక్క పేజీలో ఇచ్చాడు" అంటారు. కొందరు ఆ పక్కాయన దగ్గరికే వెళ్లారు. వెళ్లనీ. డ్రాయింగ్‌కి ముందు కొంత కొలతల ఫీజు కూడా తీసుకుంటున్నాం, పని ఇస్తే బిల్లులో తగ్గించేస్తాం. ఐదారుగురి దగ్గర ఉచితంగా త్రీడీలు గీయించుకుని తిరిగేవాళ్లు దాంతోనే ఆగిపోయారు.

డబ్బు వరస: బుకింగ్‌కి పది శాతం, కోత ముద్ర పడ్డ రోజు నలభై ఐదు, తలుపులు సైట్‌కి దిగేముందు నలభై, అప్పగించాక ఐదు. రెండోది ముద్రకు ముడిపెట్టడం వల్ల తేల్చాల్సిన తొందర వాళ్లకూ వస్తుంది. ఈ వ్యాపారంలో చాలామంది మునిగేది ఒకరి అడ్వాన్సుతో ఇంకొకరి ప్లైవుడ్ కొనడం దగ్గరే. మేమూ అలాగే నడిపాం. ఇప్పుడు బ్యాంకులో రెండు ఖాతాలు. క్లయింట్ డబ్బు ఒకదాంట్లో పడుతుంది, ఆ సైట్ మెటీరియల్, కూలి అందులోంచే. ఒక దశ పూర్తయ్యాక మా వాటా మాత్రం రెండో ఖాతాకి వెళ్తుంది, జీతాలు, అద్దె అక్కడి నుంచి. మొదట్లో రెండో ఖాతా చూస్తే ఏడుపొచ్చేది, కానీ నిజం అదే. జీఎస్టీ పద్దెనిమిది శాతం కొటేషన్‌లోనే చూపిస్తాం. "బిల్లు లేకుండా చేద్దాం" అన్నవాళ్లతో మర్యాదగా కుదరదంటాం. బిల్లు ఉంటే మేం కొన్న షీట్ల మీద కట్టిన పన్ను లెక్కలో తగ్గుతుంది, రేపు ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి కాగితమూ ఉంటుంది.

గోడ మీద తెలుగు క్యాలెండర్ ఒకటి పెద్దది వేలాడుతోంది. మా పని ఎప్పుడు మీద పడుతుందో చెప్పేది అదే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే ముహూర్తాలు ఉండవు. శ్రావణం, కార్తీకం, మాఘం వచ్చాయంటే అందరికీ ఒకే వారంలో గృహప్రవేశం. కార్తీకంలో ఇంకో తిరకాసు ఉంది. దీపావళి అయిన ఆరో రోజున ఛఠ్ పూజ. మా రెండో బృందం బిహార్ వాళ్లు, దీపావళికి ముందే రైలెక్కేస్తారు, ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. సంక్రాంతికి మన పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు ఊళ్లకు పోతారు. ఈ తారీఖులన్నీ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, వాటికి వెనక్కి లెక్కపెట్టి కోత ముద్ర ఎప్పటికి పడాలో క్లయింట్‌కి ముందే చెప్తాం. కార్తీకంలో ముహూర్తం కావాలంటే ఫలానా తేదీలోపు అన్నీ తేల్చండి, లేదా పాలు పొంగించి పూజ చేసేసుకోండి, సామాను తర్వాత దింపుదాం. ఇలా చెప్తే ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఆఖరి వారంలో చెప్తేనే తెచ్చుకునేవారు.

వాట్సాప్ మానలేం. కానీ ఒక సైట్‌కి ఒకటే గ్రూపు, వాయిస్ మెసేజ్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. సాయంత్రం ఆరున్నరకి జూనియర్ 'ఈరోజు తేలినవి, ఇంకా తేలనివి' అని ఒక మెసేజ్ పెడుతుంది. తేలనివాటి పక్కన ఎవరు తేల్చాలో పేరు ఉంటుంది. ఆ పేరు మాదైనా సరే. రాత్రి ఫోన్లు సగం దానితోనే తగ్గాయి, ఎందుకంటే అడగాల్సింది అప్పటికే అక్కడ ఉంటుంది.

గ్రానైట్ వాళ్ల సంగతి మాత్రం ఇప్పటికీ దారికి రాలేదు. హాబ్ కటౌట్ కొట్టడానికి అరపూట పని, దానికోసం పెద్ద పనులు వదిలి ఎవరూ రారు. వస్తానన్న రోజు ఫోన్ ఎత్తరు, కిచెన్ మొత్తం అయిపోయి ఆ ఒక్క రంధ్రం కోసం అప్పగింత ఆగుతుంది. ఈమధ్య కటౌట్లు, అంచు పాలిష్ మాత్రమే చేసే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాం. రేటు కాస్త ఎక్కువే అడుగుతున్నాడు, ఇస్తున్నాం. ఇప్పటిదాకా చెప్పిన టైంకే వచ్చాడు. శ్రావణంలో కిచెన్లు వరసగా ఉన్నాయి, అప్పుడు కూడా ఇలాగే వస్తాడేమో చూడాలి.